డీఎల్‌ఎల్ మిస్సింగ్: ఏది మేలు? ఫైలా, ప్యాకేజీయా, ఫార్మాటా?

కడప ఏడు రోడ్ల దగ్గర మా చిన్నాయన కొడుకు జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతాడు. పెళ్లి పత్రికల సీజన్లో ఒకరోజు టెన్షన్‌గా ఫోన్ చేశాడు. "అన్నా, సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఎంఎస్‌వీసీపీ140.డీఎల్‌ఎల్ లేదంటాంది. ఫార్మాట్ కొట్టాలంటున్నారు. కొట్టించేదా?"

వద్దురా, ఆగు అన్నాను. డీఎల్‌ఎల్ అంటే ప్రోగ్రాములు నడవడానికి వాడుకునే సాయం ఫైలు, అంతే. మూడేళ్ల డిజైన్లన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి.

నాకు ఫోన్ చేయకముందే వాడొక పని చేశాడు. ఆ ఫైలు పేరు నెట్‌లో కొట్టి, ఉచితంగా ఇస్తామన్న ఏదో సైటు నుంచి దించి సిస్టమ్32లో పెట్టాడు. దాంతో పాత మెసేజ్ పోయి 0xసీ000007బీ అనే కొత్త ఎర్రర్ వచ్చింది. 64 బిట్ ప్రోగ్రామ్‌కు 32 బిట్ ఫైలు తగిలిస్తే వచ్చేది ఇదే. ఇక్కడ చాలామంది పొరబడతారు, వాళ్ల తప్పు కూడా కాదు: 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు, 32 బిట్‌వి ఉండేది సిస్‌వావ్64లో. పేర్లు తిరగబడ్డాయి. పైగా ఆ ఫైల్లో ఎవరేం కలిపారో మనకు తెలియదు. రెండు నిమిషాల్లో అయిపోయే పనే అయినా ఈ దారి నేను ఎవరికీ చెప్పను.

ఆ ఫైలు అసలు విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీతో వస్తుంది. మైక్రోసాఫ్ట్ సైటులో ఉచితం. 2015 నుంచి 2022 దాకా వచ్చిన వెర్షన్లకు ఒకటే ప్యాకేజీ సరిపోతుంది. వాడు తెచ్చిపెట్టిన ఫైలు ముందు తీసేయించి, ఎక్స్86 (32 బిట్‌ది), ఎక్స్64 (64 బిట్‌ది) రెండూ వేయించాను. 64 బిట్ కంప్యూటర్లోనూ 32 బిట్ ప్రోగ్రాములు ఉంటాయి కాబట్టి రెండూ కావాలి. రీస్టార్ట్ చేశాక సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. ఒక్క ప్రోగ్రామే మొరాయిస్తుంటే నా ఓటు దీనికే. పాత గేములు డీ3డీఎక్స్9_43 లేదంటే మాత్రం కావలసింది వేరే, డైరెక్ట్ఎక్స్ జూన్ 2010 ప్యాకేజీ. వీటికంటే ముందు యాంటీవైరస్ క్వారంటైన్ ఒకసారి చూడండి, ఫైలును అదే పక్కన పెట్టి ఉండొచ్చు.

విండోస్‌లోనే ఉండే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ అనే కమాండ్ సంగతి వేరు. అది విండోస్ సొంత ఫైళ్లనే బాగుచేస్తుంది, మా తమ్ముడి సమస్యకు గంటసేపు నడిపినా లాభం ఉండేది కాదు. యూపీఎస్ లేని షాపులో అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి, సెట్టింగ్స్ తెరుచుకోకపోవడం, పదే పదే నీలం తెర రావడం లాంటివి మొదలైతే అప్పుడు అదే మందు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ముందు డిజమ్ రీస్టోర్‌హెల్త్ (ఎస్‌ఎఫ్‌సీ వాడుకునే మంచి ఫైళ్ల నిల్వను బాగుచేసే కమాండ్), తర్వాత ఎస్‌ఎఫ్‌సీ నడపాలి. డిజమ్ మంచి ఫైళ్లను మామూలుగా విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చుకుంటుంది, అందుకని నెట్ ఉండాలి.

బాగుచేసిన ఫైళ్లు వారానికోసారి మళ్లీ పాడవుతుంటే హార్డ్ డిస్కునో ర్యామ్‌నో అనుమానించాలి. వాటిని పరీక్షించకుండా ఫార్మాట్ కొట్టిస్తే డబ్బు దండగ, కొత్త విండోస్ కూడా అలాగే పాడవుతుంది. అవి బాగున్నాయని తేలి, డిజమ్ కూడా చేతులెత్తేస్తేనే ఫార్మాట్. అంతకన్నా కాస్త నయం, ఫైళ్లు ఉంచి విండోస్‌ను రీసెట్ చేసుకోవడం. అందులోనూ మనం వేసుకున్న సాఫ్ట్‌వేర్లన్నీ పోతాయి. డిజైన్లు వేరే డిస్కులోకి ఎక్కించి, తెలుగు ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు, డీటీపీ సాఫ్ట్‌వేర్ కీ చేతిలో ఉన్నాయని చూసుకున్నాకే రీసెట్‌కైనా ఫార్మాట్‌కైనా ఒప్పుకోండి.