నాలుగేళ్లుగా ఫ్రోజెన్ భోజనం, మైక్రోవేవ్: నా అనుభవం

నల్లగొండలో నర్సుగా పనిచేస్తున్నాను. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చాక పొయ్యి ముట్టించే ఓపిక ఉండదు. అందుకే నాలుగేళ్ల కింద 20 లీటర్ల మైక్రోవేవ్ కొన్నాను, 700 వాట్లది. వారానికి మూడు నాలుగు పూటలు ఫ్రోజెన్ భోజనమే, అంటే వండి గడ్డకట్టించి ప్యాకెట్లలో అమ్మేది.

మొదటి రెండు నెలలు చాలా విసిగిపోయాను. ప్యాకెట్ మీద 5 నిమిషాలు అని ఉంటే అంతే పెట్టేదాన్ని. ఒకసారి అమ్మ వచ్చినప్పుడు రాజ్మా అన్నం వేడి చేసి పెట్టాను. ఒక ముద్ద తిని, "అంచులకు నోరు కాలుతాంది, నడుమ మంచుగడ్డ లెక్కుంది బిడ్డా" అంది. మిషన్ పాడైందని షాపులో అడిగితే వోల్టేజీ తక్కువేమో అన్నారు. అదీ కాదు.

మైక్రోవేవ్ తరంగాలను నీళ్లు పీల్చుకున్నంతగా మంచు పీల్చుకోదు. అంచులు ముందు కరుగుతాయి, కరిగిన చోటే ఇంకా వేడెక్కుతుంది, నడుమ గడ్డ అట్లాగే ఉంటుంది. పైగా ప్యాకెట్ మీది టైము ఏదో ఒక వాటేజీకి లెక్కగట్టి రాసింది. అది 900 వాట్లకైతే, నా దాంట్లో 5 నిమిషాల పనికి దాదాపు ఆరున్నర పడుతుంది. ఏ వాటేజీకో ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో ఉంటే తప్పకుండా చదవండి.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. ప్యాకెట్‌లో ఉన్నదాన్ని వెడల్పాటి గాజు గిన్నెలోకి మార్చి, మూత కొంచెం వారగా పెడతాను. ముందు డీఫ్రాస్ట్‌లో, అంటే తక్కువ పవర్‌తో మెల్లగా కరిగించే సెట్టింగ్‌లో, నాలుగైదు నిమిషాలు. అప్పటికి గడ్డ చెంచాతో పొడిస్తే విడుతుంది. అంచున ఉన్నది నడుమకు, నడుమది అంచుకు తోసి, మధ్యలో చిన్న గుంట చేస్తాను. తర్వాత ఫుల్ పవర్‌లో రెండు నిమిషాలు, కలిపి మళ్లీ రెండు. ఆపాక మూత తీయకుండా ఇంకో రెండు నిమిషాలు వదిలేయాలి. ఆకలి మీద ఇదే కష్టం, కానీ వేడి లోపలికి పాకేది అప్పుడే. వంట థర్మామీటర్ గుచ్చి చూసుకుంటాను, నడుమ 74 డిగ్రీలు దాటితేనే తింటాను. ఒకసారి కలపకుండా చూస్తే అంచున 85, నడుమ 40. వార్డులో ఫుడ్ పాయిజనింగ్ కేసులు చూసేదాన్ని కాబట్టి ఈ ఒక్క విషయంలో రాజీ పడను.

పప్పు, రాజ్మా, చికెన్ కూర చక్కగా వస్తాయి. అన్నం మీద చెంచాడు నీళ్లు చల్లితే పొడిపొడిగా, మెత్తగా ఉంటుంది. పరోటా, సమోసా మాత్రం వద్దు. వేడి మీద మెత్తగా ఉన్నా చల్లారితే తోలే. వాటికి పెనమే నయం. ఉప్పు చాలా ప్యాకెట్లలో ఎక్కువే, బీపీ ఉన్నవాళ్లు లేబుల్ చూడాలి.

మా దగ్గర అసలు సమస్య ఎండాకాలం. నేను ప్యాకెట్లు హైదరాబాద్ నుంచి తెచ్చుకుంటాను, బస్సులో వంద కిలోమీటర్లు. ఐస్ ప్యాకులు పెట్టిన థర్మాకోల్ డబ్బా లేకుండా బయల్దేరను. పోయిన మే నెలలో నేను డ్యూటీలో ఉండగా రాత్రి చాలాసేపు కరెంటు పోయి మళ్లీ వచ్చింది. తెల్లారి వచ్చేసరికి అన్నీ మళ్లీ గట్టిపడి ఉన్నాయి. రూపం మారిన ఒక ప్యాకెట్ చూసి అనుమానం వచ్చి నాలుగూ పారేశాను. డబ్బులు పోయాయని బాధే. అప్పటి నుంచి ఫ్రీజర్‌లో ఒక చిన్న గిన్నెడు నీళ్లు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెడుతున్నాను. బిళ్ల పైనే ఉంటే ప్యాకెట్ తీస్తాను. అడుగుకు దిగి ఉంటే, నేను లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. ఆ రోజు ఇంట్లో ఉప్మానే.