సెలైన్ మేలా, మాత్రలు మేలా? మెటాస్టాటిక్ రొమ్ము క్యాన్సర్‌లో రిపోర్టును బట్టే జవాబు

బెంగళూరు హోసూరు రోడ్డులోని కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపుల నుంచి వచ్చే కుటుంబాల మధ్య కూర్చుంటే తెలుగులో తరచుగా చెవిన పడే మాట ఒకటుంది: “వాళ్లకు సెలైన్ ఎక్కిస్తున్నారు, మా అమ్మకు మాత్రలు రాసి పంపించేశారు.” సెలైన్ అంటే ఇక్కడ నరంలోకి ఎక్కించే కీమో. మందు ఎంత బాధపెడితే అంత గట్టిగా పనిచేస్తుందన్న నమ్మకం ఆ మాటలో ఉంది. మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు, కాలేయానికి పాకిందని (అలా పాకిన దశనే మెటాస్టాటిక్ అంటారు) తెలిసిన వారం నేనూ అలాగే అనుకున్నాను, ‘ఇక చేసేదేమీ లేక మాత్రలిచ్చారేమో’ అని లోలోపల కుమిలిపోయాను. ఆ భయం తప్పని తెలుసుకోవడానికి ఆమె బయాప్సీ రిపోర్టులో అడుగున ఉన్న మూడు వరుసలు చదవడం నేర్చుకోవలసి వచ్చింది: ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 1+.

మొదటి రెండు వరుసలకు అర్థం, కణితి కణాలలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను అందుకునే గ్రాహకాలు ఉన్నాయని, అంటే ఆ కణితి ఈస్ట్రోజెన్ హార్మోన్ ఆసరాతో పెరుగుతోందని. అటువంటప్పుడు ఆ ఆసరాను తీసివేసే లెట్రోజోల్ మాత్ర గానీ ఫుల్వెస్ట్రాంట్ ఇంజెక్షన్ గానీ ఇస్తూ, కణ విభజనను ఆపే పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్‌లలో ఒకదాన్ని జోడించడం ఇప్పుడు మొదటి వైద్యంగా నిలిచింది. కాలేయం వంటి అవయవాలకు పాకి, లక్షణాలు ముదిరిన చిన్న వయసు స్త్రీలలో మాత్రలకంటే రెండు మందుల కీమోయే మేలని వైద్యులు కూడా చాలాకాలం భావించారు. రైట్ ఛాయిస్ అనే ట్రయల్ (రోగులలో వైద్యాలను పోల్చి చూసే పరీక్ష) సరిగ్గా అటువంటి స్త్రీలనే తీసుకుని రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చూస్తే, రైబోసిక్లిబ్‌తో కూడిన హార్మోన్ వైద్యం పొందినవారిలో జబ్బు మధ్యస్థంగా (అంటే సగంమందిలో అంతకు మించి) దాదాపు 22 నెలలు అదుపులో ఉండగా, కీమో పొందినవారిలో దాదాపు 13 నెలలే ఉంది. కాలేయం పూర్తిగా దెబ్బతిని ప్రాణాపాయం ముంచుకొచ్చిన స్థితిలో మాత్రం కీమోనే ముందు పెడతారు. ఆ నిర్ణయాన్ని రక్తపరీక్షల అంకెలు చూసిన వైద్యులకే వదలాలి.

ఈ మూడు మాత్రలలో ఏది మేలన్నది ఇంకొంచెం చిక్కు ప్రశ్న. రైబోసిక్లిబ్ ట్రయల్‌లో లెట్రోజోల్ ఒక్కటే వాడినవారిలో మధ్యస్థ ఆయుఃకాలం 51.4 నెలలు కాగా, రైబోసిక్లిబ్ కలిపినవారిలో అది 63.9 నెలలకు పెరిగింది. పాల్బోసిక్లిబ్ కూడా జబ్బును ఎక్కువకాలం అదుపులో ఉంచింది గానీ, దాని ప్రధాన ట్రయల్‌లో ఆయుష్షు చెప్పుకోదగినంతగా పెరిగినట్టు తేలలేదు. ఇవి వేర్వేరు ట్రయల్స్ కనుక అంకెలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం పూర్తిగా న్యాయం కాకపోయినా, డబ్బు ఇబ్బంది లేనివారికి నేనైతే రైబోసిక్లిబ్ గురించే ముందు అడగమంటాను. దానికి ఈసీజీ తప్పనిసరి, గుండె లయ తేడాగా ఉన్నవారికి అది సరిపడదు. అబెమాసిక్లిబ్‌తో విరేచనాలు ఎక్కువ. పాల్బోసిక్లిబ్ పేటెంట్ మన దేశంలో 2023 జనవరిలో ముగిసి, అనేక దేశీయ కంపెనీలు దాన్ని తయారుచేయడంతో ధర బాగా దిగింది. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి వాడవలసిన మందుకు అది చిన్న విషయం కాదు. మధ్యలో ఆపేయవలసి వచ్చే ఖరీదైన మందుకంటే క్రమం తప్పకుండా కొనగలిగే మందే ఆ ఇంటికి మేలు.

హెర్2 అన్నది కణాల పెరుగుదలను ఉసిగొల్పే ఒక ప్రొటీన్. అది బాగా ఎక్కువగా ఉండి, హెర్2 3+ అని వచ్చినవారి దారి వేరు. వారికి ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్, పెర్టుజుమాబ్, వాటితోపాటు డోసిటాక్సెల్ కీమో ఇస్తారు. పెర్టుజుమాబ్ చేర్చడంవల్ల మధ్యస్థ ఆయుఃకాలం 40.8 నెలల నుంచి 57.1 నెలలకు పెరిగింది. ట్రాస్టుజుమాబ్‌కు బెంగళూరు కంపెనీ బయోకాన్ 2014లో తక్కువ ధరకు బయోసిమిలర్ (అసలు మందుకు దాదాపు సమానంగా తయారుచేసిన మందు) తెచ్చింది. పెర్టుజుమాబ్ భారం మోయలేని ఇంట్లో కూడా ట్రాస్టుజుమాబ్‌ను మాత్రం వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం. గుండెపై దాని ప్రభావం ఉండవచ్చు కనుక ఎప్పటికప్పుడు ఎకో (గుండె స్కాన్) తీయించాలి.

మూడూ నెగటివ్ అయినప్పుడు హార్మోన్ మాత్రలు పనిచేయవు, కీమోనే ఆధారం. అయితే అక్కడ కూడా రెండు పరీక్షలు అడిగి చేయించుకోవాలి. కణితిలో పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ ఎంత ఉందో చెప్పే స్కోరు 10 లేదా అంతకు మించితే కీమోకు, రోగనిరోధక శక్తిని మేల్కొలిపే పెంబ్రోలిజుమాబ్ చేర్చడంవల్ల మధ్యస్థ ఆయుఃకాలం 16.1 నెలల నుంచి 23 నెలలకు పెరిగింది. పుట్టుకతో వచ్చిన బీఆర్‌సీఏ జన్యులోపం ఉంటే ఓలాపరిబ్ మాత్రలకు అవకాశముంటుంది.

రొమ్ములోని గడ్డను ముందు కోసి తీసేయకూడదా అని బంధువులందరూ అడుగుతారు, మా బాబాయి కూడా అడిగారు. ముంబయి టాటా మెమోరియల్‌లో 350 మంది స్త్రీలపై జరిపిన ట్రయల్‌లో, జబ్బు అప్పటికే పాకినవారికి ఆ ఆపరేషన్ వల్ల ఆయుష్షు పెరగలేదు. పుండుపడి రక్తం కారుతున్నప్పుడు ఉపశమనం కోసం చేసే ఆపరేషన్ వేరే సంగతి.

మా పిన్ని రిపోర్టులోని మూడో వరుసకు మళ్లీ వస్తాను. హెర్2 1+ అంటే ఆ ప్రొటీన్ కొద్దిగానే ఉందని; ఒకప్పుడు దాన్ని నెగటివ్ అని పక్కన పెట్టేసేవారు. 2022లో వెలువడిన ఒక ట్రయల్ తరువాత, అటువంటి కణితులలో ముందటి మందులు విఫలమైనప్పుడు ట్రాస్టుజుమాబ్‌కు కీమో మందును జోడించి చేసిన ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ ఇవ్వవచ్చని తేలింది. అందుకే జబ్బు తిరగబెట్టినప్పుడు, వీలైతే కొత్తగా పాకిన చోటు నుంచి ముక్క తీసి మళ్లీ పరీక్షించమని అడగాలి, ఎందుకంటే ఈఆర్, హెర్2 ఫలితాలు మొదటిసారి ఉన్నట్టే ఉంటాయన్న నమ్మకం లేదు. ప్రస్తుతానికి పిన్ని గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో 21 రోజులకు టిక్కులు పెట్టుకుంటుంది, తరువాతి 7 రోజులు మందుకు విరామం కనుక ఖాళీగా వదిలేస్తుంది. ఆ ఏడో రోజున తెల్లరక్తకణాల లెక్క చూసిన తరువాతే కొత్త స్ట్రిప్ తెరుస్తాం.