150-600 ఎంఎం లెన్స్: పులి కోసం కొంటారు, రామప్ప దగ్గర పనికొస్తుంది

మూడు ఎండాకాలాలు, మూడు వానాకాలాలు వాడాక రాస్తున్న మాటలివి. లెన్స్ 150-600 ఎంఎం జూమ్ (అంకె పెరిగే కొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది), ఎఫ్ 5-6.3 (ఎఫ్ అంకె పెరిగితే వెలుతురు వచ్చే రంధ్రం చిన్నదవుతుంది). బరువు రెండు కిలోలకు కాస్త తక్కువ, ముందు ఫిల్టర్ సైజు 95 ఎంఎం, అతి దగ్గరి ఫోకస్ 2.8 మీటర్లు. కెమెరా 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ (ఫిలిం ఫ్రేము కంటే చిన్న సెన్సర్) డీఎస్ఎల్ఆర్. ఈ సైజు లెన్సులు ఒకటి రెండు కంపెనీలవి కాస్త అటూ ఇటూగా ఒకేలా ఉంటాయి కాబట్టి కంపెనీ పేరు పక్కన పెడుతున్నా. వాడిన చోటు వరంగల్ కోట నుంచి కవ్వాల్ అడవి దాకా.

ముందే తేల్చి చెప్పాలంటే, మన వైపు ఈ లెన్స్ అసలు పనితనం శిల్పం మీద, చెరువు గట్టు మీద కనిపిస్తుంది. అడవిలో అది సగం రోజులు సంచిలోనే ఉంటుంది. 600 అని రాసున్నా, నమ్మకంగా వాడుకోదగ్గది 450 వరకే. ఆ పైన బొమ్మ మెత్తబడితే చాలాసార్లు తప్పు గాజుది కాదు, మధ్యనున్న గాలిది.

రామప్పతో మొదలుపెడదాం. పాలంపేటలోని ఈ గుడి 1213 నాటిది, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించింది. గోడలు ఎర్రటి ఇసుకరాయి, మదనికలు (స్త్రీ శిల్పాలు) నున్నగా మెరుగుపెట్టిన నల్లరాయి. పన్నెండు మదనికలూ చూరు కింద, ముందుకు వాలి ఉంటాయి. జనం కింద నిలబడి సెల్‌ఫోన్ ఎత్తి తీస్తారు, అందుకే పాదాలు పెద్దగా, తల చిన్నగా వస్తుంది. తొమ్మిది పది మీటర్లు వెనక్కి జరిగి 300-400 దగ్గర తీస్తే కొలతలు సరిగ్గా కుదురుతాయి. 10 మీటర్ల దూరంలో 600 ఎంఎం పెడితే ఫ్రేములో పట్టేది 39 సెంటీమీటర్ల వెడల్పు, 26 సెంటీమీటర్ల ఎత్తు. అంటే ఒక ముఖం, దాని చెవి కమ్మలు, మెడలో హారం. కంటికి అందని పనితనం అక్కడే ఉంది.

ఇక్కడ ఎక్కువమంది పొరపడేది ఫోకస్ లోతు దగ్గర. తొమ్మిది మీటర్ల దూరంలో, 400 ఎంఎం, ఎఫ్ 8 పెడితే స్పష్టంగా వచ్చే మందం దాదాపు 16 సెంటీమీటర్లు. బొమ్మ వాలి ఉంది కాబట్టి ఎదురుగా నిలబడితే తలా పాదాలూ వేర్వేరు దూరాల్లో పడతాయి. కన్ను పదునుగా వస్తే కాలి అందె మసకబారుతుంది. పక్కకు జరిగి, బొమ్మ వాలు మన చూపుకు అడ్డంగా వచ్చేలా నిలబడితే అదే 16 సెంటీమీటర్లు సరిపోతాయి. అలా జరగడానికి చోటు లేకపోతే 300కు తగ్గించండి, మందం 29 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఎఫ్ 11 వరకు వెళ్లొచ్చు. ఎఫ్ 16కు పోతే లోతు దొరుకుతుంది గానీ మొత్తం మెత్తబడుతుంది.

వెలుతురు సంగతి ఇంకో చిక్కు. నల్లరాయి ఫ్రేమంతా నిండితే కెమెరా దాన్ని బూడిద రంగు చేయాలని చూస్తుంది, ఎక్స్‌పోజర్ సవరణ మైనస్ 0.7 పెట్టాలి. బొమ్మ వెనక ఆకాశం కనిపిస్తే ఉల్టా జరుగుతుంది, బొమ్మ బొగ్గులా మారుతుంది. అప్పుడు ప్లస్ 1 లేదా స్పాట్ మీటరింగ్ (ఒక్క చోటి వెలుతురునే కొలవడం). నేరుగా ఎండ పడితే నున్నటి రాయి మీద తెల్లటి మరకలు వస్తాయి, వాటిని ఎడిటింగులో వెనక్కి తేలేం. మబ్బు పట్టిన రోజే మేలు. మబ్బు లేకపోతే ఉత్తరం వైపు మదనికలను తీయండి. చలికాలంలో అటు నేరుగా ఎండ పడదు, నేల మీద పడి లేచిన వెలుతురు కింది నుంచి మెత్తగా వస్తుంది. తూర్పు ద్వారం దగ్గరివి మాత్రం పొద్దు వాలుగా ఉన్న మొదటి గంటన్నరలోనే; తర్వాత చూరు నీడ ముఖాల మీదికి దిగుతుంది. రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) తీయడం తప్పనిసరి. ఇసుకరాయి ఎరుపుకు తగ్గట్టు వైట్ బ్యాలెన్స్ పెడితే నల్లరాయి ఆకాశపు నీలం తాగినట్టు వస్తుంది, రెండింటినీ విడివిడిగా సరిచేయాలి.

పురావస్తు శాఖ చూసే కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి. కాబట్టి అక్కడ చేతులే గతి. లెన్స్‌లోని స్టెబిలైజర్ (వణుకును సరిచేసే ఏర్పాటు) ఈ పనికి బాగా సాయపడుతుంది. 400 దగ్గర 1/125 సెకనుతో, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, వరసగా నాలుగు క్లిక్కులు కొడితే రెండు పదునుగా వస్తాయి. బటన్ సగం నొక్కాక వ్యూఫైండర్‌లో బొమ్మ ఒక్కసారి ఎగిరి కుదురుకుంటుంది. ఆ అరసెకను ఆగకుండా కొడితే స్టెబిలైజరే బొమ్మను చెడగొడుతుంది. స్టాండ్ మీద పెట్టినప్పుడు దాన్ని ఆపేయండి.

వరంగల్ కోటలో కీర్తి తోరణాల దగ్గర వేరే లాభం. తోరణం ఎత్తు పది మీటర్ల చిల్లర. మామూలు లెన్స్‌తో పదిహేను మీటర్ల నుంచి తీస్తే కెమెరాను 13 డిగ్రీల దాకా పైకి ఎత్తాలి, స్తంభాలు లోపలికి వాలినట్టు వస్తాయి. డెబ్బై ఎనభై మీటర్లు వెనక్కి వెళ్లి 150 దగ్గర నిలువుగా తీస్తే ఆ వాలు మూడు డిగ్రీలు కూడా ఉండదు. స్తంభం స్తంభంలాగే నిలబడుతుంది. అంత దూరం వెళ్తే మధ్యలో జనం అడ్డం వస్తారు, అందుకే పొద్దున్నే వెళ్లాలి. తోరణం మీది హంసలు, మకరాలు విడిగా కావాలంటే 35 మీటర్ల నుంచి 400-500.

వేయిస్తంభాల గుడికి మాత్రం దీన్ని మోసుకెళ్లొద్దు. మండపం లోపల 2.8 మీటర్ల కనీస దూరమే దొరకని చోట్లున్నాయి, దొరికినా చీకటి, ఎఫ్ 6.3తో ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచే అంకె, పెరిగితే బొమ్మ గరుకవుతుంది) 6400 దాటుతుంది. బయట నంది ముఖానికి, రాతి ఏనుగులకు పనికొస్తుంది, అంతే. ఆ రెంటికీ 70-300 చాలు. అసలు శిల్పం ఒక్కటే మీ పని అయితే రామప్పకూ 70-300 చాలు, భుజం నొప్పి తప్పుతుంది.

ఇక చెరువులు. పాఖాల, రామప్ప చెరువు, లక్నవరం, హనుమకొండ ఊళ్లోనే వడ్డేపల్లి. నీటికాకులు, కొంగలు, లకుముకి పిట్టలు అలవాటు చేసుకోవడానికి మంచివి. షట్టర్ వేగం కూర్చున్న పిట్టకు 1/800 సెకను, ఎగిరే దానికి 1/2000 కంటే తగ్గొద్దు, పాలపిట్ట రెక్క విప్పినప్పటి నీలం కావాలంటే 1/2500. పాలపిట్ట కరెంటు తీగ మీద గంటలకొద్దీ కూర్చుంటుంది, లేచేటప్పుడు గాలికి ఎదురుగా లేస్తుంది. గాలి ఎటు నుంచి వీస్తుందో చూసుకుని ఆ వైపు ఫ్రేములో ఖాళీ వదలాలి. లెన్స్ పక్కనున్న ఫోకస్ లిమిటర్‌ను 10 మీటర్ల నుంచి అనంతం దాకా అని మార్చుకోండి. లేకపోతే పిట్ట తప్పిన ప్రతిసారీ మోటారు 2.8 మీటర్ల దాకా వెనక్కి వెళ్లొస్తుంది, అది తిరిగొచ్చేలోపు పిట్ట అవతలి గట్టున ఉంటుంది. ఎఫ్ 6.3 దగ్గర పక్క ఫోకస్ పాయింట్లు పొద్దుగూకే వేళ తడబడతాయి. మధ్య పాయింటునే నమ్ముకోవాలి.

ఎండాకాలం తొమ్మిది దాటాక చెరువు మీదుగా, బీడు మీదుగా తీయడం దండగ. నేల వేడెక్కి గాలి అలలు అలలుగా లేస్తుంది. ప్రాణహిత వైపు కృష్ణజింకల మైదానంలో ఇది మరీ ఎక్కువ. యాభై అరవై మీటర్లు దాటితే బొమ్మ నీళ్లలోంచి చూసినట్టుంటుంది, ఫోకస్ సరిగ్గా ఉన్నా సరే. చాలామంది దీన్ని లెన్స్ లోపం అనుకుని సర్వీసుకు పంపుతారు. పరీక్ష సులువు: అదే లెన్స్‌తో, అదే సెట్టింగుతో, పొద్దున ఆరున్నరకు పదిహేను మీటర్ల దూరంలోని గోడ మీది పోస్టరును తీయండి. అక్షరాలు పదునుగా వస్తే లెన్స్‌కు ఏ రోగమూ లేదు. కారులో ఏసీ వేసుకుని కిటికీ దించి తీసినా ఇదే గొడవ. చల్లగాలీ వేడిగాలీ కిటికీ దగ్గరే కలుస్తాయి. వానాకాలంలో ఏసీ కారులోంచి దించితే ముందు గాజు మీద ఆవిరి కమ్ముతుంది, సంచిలోనే పావుగంట ఉంచి తీయాలి.

కవ్వాల్ గురించి ఆశలు తగ్గించుకుని రాస్తున్నా. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు, కానీ పులిని ఫ్రేములో పెట్టుకుందామని లెన్స్ కొంటే దిగులే మిగులుతుంది. టేకు ఆకు రాలిన ఫిబ్రవరి తర్వాత దుప్పులు, మనుబోతులు, అడవిదున్నలు కనిపిస్తాయి, అప్పుడు వెలుతురూ నేల దాకా దిగుతుంది. ఆకు ఉన్న కాలంలో సాయంత్రం నాలుగున్నరకే ఐఎస్ఓ 3200 అడుగుతుంది. జీపు ఆగాక ఇంజిన్ ఆపమని చెప్పండి. ఇంజిన్ వణుకును స్టెబిలైజర్ పూర్తిగా తట్టుకోలేదు. జీపు అంచున ఆనించడానికి పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి కుట్టిన సంచి చాలు, అందులో రెండు కిలోల జొన్నలో పెసలో పోయాలి. ఖాళీ సంచి తీసుకెళ్లి అక్కడే కొనుక్కుంటే మోత తగ్గుతుంది. నూకలు మాత్రం వద్దు. వాటి పిండి జూమ్ రింగు సందులోకి చేరుతుంది.

బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట రాబందులకు ఈ లెన్స్ చాలదు. 200 మీటర్ల దూరానికి 600 దగ్గర ఫ్రేము వెడల్పు దాదాపు 7.8 మీటర్లు, మీటరు లోపు పొడవున్న పక్షి అందులో ఎనిమిదో వంతు. ఆ కొండచరియ మీద అవి గూడు కట్టుకుంటాయి, ఇంకాస్త దగ్గరికి పోదామన్న ఆలోచనే రావద్దు. కొండ గోడ, దాని మీద తెల్లటి రెట్ట చారలు, ఒక అంచున పక్షి అని ఫ్రేము కట్టుకుంటే ఫొటో బాగుంటుంది.

కుంటాల, బొగత జలపాతాలకు దీన్ని తీసుకెళ్లడం శుద్ధ దండగ. తుంపర గాజు మీద పడుతుంది, 95 ఎంఎం ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే గాజు) ఖరీదుకు మంచి ట్రైపాడ్ వస్తుంది.

మూడేళ్లలో అరిగినవి, వదులైనవి చెప్పాలి. మొదటిది జూమ్ జారడం. కొత్తలో బిగువుగా ఉంది, ఏడాదిన్నర తర్వాత కిందికి వంచితే 150 నుంచి తనంతట తానే 300 దాకా జారుతోంది. తాళం ఉంది, కానీ నడిచేటప్పుడు వేయడం మర్చిపోతాం. వెడల్పాటి రబ్బరు బ్యాండు జూమ్ రింగుకూ గొట్టానికీ కలిపి వేస్తే ఆగుతుంది. రెండోది దుమ్ము. జూమ్ తిప్పినప్పుడల్లా గొట్టం బయటికొచ్చి లోపలికెళ్తూ కొలిమితిత్తిలా గాలి పీలుస్తుంది. అడవి బాటలో ఎర్రమట్టి గొట్టం మీద పేరుకుంటుంది, దాన్ని మెత్తటి గుడ్డతో తుడవకుండా వెనక్కి నెడితే అంతా లోపలికే. ముందు గాజు వెనక ఇప్పుడు ఏడెనిమిది నలుసులున్నాయి. బొమ్మలో కనబడవు, సూర్యుడికి ఎదురుగా తీస్తే మాత్రం కాంట్రాస్ట్ తగ్గుతుంది.

మూడోది బూజు భయం. జూలై నుంచి సెప్టెంబరు దాకా సంచిలోనే వదిలేస్తే గాజు మీద సాలెగూడు లాంటి పోగులు మొదలవుతాయి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో 200 గ్రాముల నారింజ రంగు సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు. తేమ 40-50 శాతం మధ్య ఉండాలి. గింజలు ముదురాకుపచ్చకు తిరిగితే మూకుడులో సన్న సెగ మీద కలుపుతూ వేడి చేస్తే రంగు తిరిగొస్తుంది. చల్లారాకే డబ్బాలో వేయండి. వంటకు వాడే మూకుడు వద్దని వేరే చెప్పాలా!

సెకండ్ హ్యాండ్‌లో ఈ లెన్సులు బాగా దొరుకుతాయి, కొన్నవాళ్లలో చాలామంది బరువు మోయలేక అమ్ముతారు. కొనేముందు వెనక నుంచి సెల్‌ఫోన్ లైటు వేసి ముందు నుంచి వాలుగా చూడండి. నలుసులుంటే పర్లేదు, పోగులుంటే వదిలేయండి. 600 దగ్గర పది క్లిక్కులు కొట్టి ఎన్ని పదునుగా వచ్చాయో లెక్కపెట్టండి, ఏడు కంటే తక్కువైతే మీ కెమెరాలో ఫోకస్ సవరణ చేసి మళ్లీ చూడండి. స్టెబిలైజర్ వేసినప్పుడు సన్నటి గుయ్‌మనే శబ్దం మామూలే, టకటక కొట్టుకుంటే రిపేరు ఖర్చు తప్పదు. చివరగా కాలర్ పాదం (లెన్స్‌ను స్టాండుకు బిగించే పట్టీ కింది భాగం) పట్టుకుని ఊపి చూడండి. దాని మరలు మెల్లగా వదులవుతాయి, బిగించే అల్లెన్ కీ ఒకటి సంచిలో వేసుకోండి. భుజానికి వేలాడే బరువంతా ఆ మరల మీదే ఉంటుంది.