వేడి ఇంజిన్‌ను ఆపి పది నిమిషాలయ్యాక: తొమ్మిదేళ్ల కార్బ్యురేటర్లు, ఏడేళ్ల ఇంజెక్షన్

నా కారులో ఉన్నది 2.4 లీటర్ల పాత ఇన్‌లైన్ ఆరు సిలిండర్ల ఇంజిన్. మొదటి తొమ్మిదేళ్లు దాన్ని మూడు సైడ్‌డ్రాఫ్ట్ కార్బ్యురేటర్లతో (గాలిని అడ్డంగా పీల్చి, అందులో పెట్రోలు కలిపే పరికరాలతో) నడిపాను. గత ఏడేళ్లుగా అదే క్యామ్‌షాఫ్ట్‌తో, అదే కంప్రెషన్‌తో, సిలిండర్‌కొక థ్రాటిల్ బాడీ (గాలిని నియంత్రించే గొట్టం), మనం స్వయంగా ట్యూన్ చేసుకోగల ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఉన్న ఫ్యూయెల్ ఇంజెక్షన్‌తో, అంటే ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే పద్ధతితో, నడుపుతున్నాను. దేనికి పవర్ ఎక్కువ, దేనికి ఖర్చు తక్కువ అన్న వాదన అందరూ ఎరిగినదే కనుక దాని జోలికి వెళ్లను. ఈ సమీక్ష ఒకే ఒక్క విషయం గురించి: బాగా వేడెక్కిన ఇంజిన్‌ను ఆపి, పది నిమిషాలయ్యాక మళ్ళీ సెల్ఫ్ కొడితే ఏమవుతుంది? తొమ్మిదేళ్లు నన్ను వేధించింది ఆ పది నిమిషాలే.

నా ఇంజిన్‌లో ఇన్‌టేక్ (గాలి లోపలికి వెళ్లే దారి), ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే దారి) రెండూ హెడ్‌కు ఒకే వైపున ఉంటాయి. అంటే కార్బ్యురేటర్లకు జానెడు కింద ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉంటుంది. బండి పరుగెత్తుతున్నంతసేపు ఎదురుగాలి తగులుతుంది, ట్యాంకు నుంచి చల్లటి పెట్రోలు అందుతూ ఉంటుంది, కాబట్టి ఇబ్బంది ఉండదు. ఆపగానే గాలి, పెట్రోలు, నీళ్ల పంపు ఒకేసారి ఆగిపోతాయి. హెడ్‌లోనూ మానిఫోల్డ్‌లోనూ నిలిచిన వేడి పైకి లేచి ఫ్లోట్ బౌళ్లను (కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే చిన్న గిన్నెలను) కమ్ముకుంటుంది. ఒకసారి థర్మామీటర్ ఆనించి చూస్తే, ఆపిన పది నిమిషాలకు బౌల్ మూత 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంది. పెట్రోలులోని తేలిక భాగాలు సుమారు 35 డిగ్రీలకే మరగడం మొదలుపెడతాయి. బౌల్‌కు గాలి రంధ్రం ఉండడం వల్ల ఆ పెట్రోలు మీద వాతావరణ పీడనం తప్ప దాన్ని అణచి ఉంచేది మరేదీ లేదు. అది మరిగి, బుడగలతో పాటు మెయిన్ జెట్ (పెట్రోలును కొలిచి వదిలే రంధ్రం) బావిలోంచి పైకి పొంగి, నాజిల్ గుండా ఇన్‌టేక్‌లోకి ఒలుకుతుంది. తిరగని ఇంజిన్ గొంతులో పెట్రోలు నిండుతుంది, బౌల్ మాత్రం ఖాళీ అవుతుంది. పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వాడడం మొదలయ్యాక ఇది మరీ ఎక్కువైంది, ఎందుకంటే ఆ మోతాదులో ఇథనాల్ కలిస్తే పెట్రోలు ఆవిరి పీడనం పెరుగుతుంది.

రేస్ ట్రాక్ మీద ఒక మధ్యాహ్నం చూసినది ఇప్పటికీ నా కళ్లలో ఉంది. ఇరవై నిమిషాలు గట్టిగా నడిపి పిట్ లేన్‌లోకి వచ్చి, తర్వాతి వంతు కోసం వరుసలో ఇంజిన్ ఆపాను. పిలుపు వచ్చాక సెల్ఫ్ కొడితే ఇంజిన్ బరువుగా తిరిగింది తప్ప అంటుకోలేదు. బానెట్ ఎత్తాను. వెనక కార్బ్యురేటర్ థ్రాటిల్ స్పిండిల్ చివర తడి మెరుస్తోంది. ఒక చుక్క ఊరి, సాగి, కింద నేను బిగించిన అల్యూమినియం రేకు మీద పడి చుయ్యిమంది. దాని వెనకే ఇంకొకటి. ఆ రేకు లేకపోతే ఆ చుక్క నేరుగా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడేది. నలుగురు పట్టి బండిని వరుసలోంచి పక్కకు నెట్టారు. స్టార్ట్ కాలేదన్న బాధ కంటే, ఆ చుక్క ఎక్కడ పడి ఉండేదో అన్న భయమే నాలో ఎక్కువకాలం నిలిచింది.

నివారణకు చేయగలిగినదంతా చేశాను. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కూ కార్బ్యురేటర్లకూ మధ్య వేడిని ఆపే ఫినాలిక్ స్పేసర్లు వేశాను, ఎగ్జాస్ట్‌కు సెరామిక్ పూత వేయించాను, ఫ్లోట్ ఎత్తు ఒక మిల్లీమీటరు తగ్గించాను, పెట్రోలు నిలిచి వేడెక్కకుండా ట్యాంకుకు రిటర్న్ లైను లాగాను. ప్రతిదీ కొంత మేలు చేసింది, ఏదీ పూర్తిగా తీర్చలేదు. చివరికి కాలికి ఒక ఒడుపు అలవాటైంది. పెడల్‌ను ఒక్కసారి కూడా టపటపా కొట్టకూడదు. కొడితే యాక్సిలరేటర్ పంపు మరో గుక్క పెట్రోలు పోస్తుంది. మెల్లగా నేల దాకా నొక్కి అక్కడే పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. బటర్‌ఫ్లైలు (గాలి దారిని తెరిచి మూసే రెక్కలు) పూర్తిగా తెరుచుకుని, చేరిన పెట్రోలును గాలి ఊడ్చుకుపోతుంది. ఒక సిలిండర్ దగ్గుతుంది, తర్వాత రెండు, ఆపై నల్లటి పొగతో ఆరూ అందుకుంటాయి. పని తెలిసినవాడికి కార్బ్యురేటర్ ఎన్నడూ ఎదురుచెప్పదని ఆ రోజుల్లో ఎంతోమందితో గట్టిగా అన్నాను. అది చల్లటి ఇంజిన్ విషయంలో మాత్రమే నిజమని ఇప్పుడు సవరించుకుంటున్నాను.

ఇంజెక్షన్‌కు మారాక ట్రాక్ మీద మొదటిసారి అదే వరుసలో, అంతే వేడిలో ఇంజిన్ ఆపినప్పుడు నా చేతులకు చెమట పట్టింది. పన్నెండు నిమిషాల తర్వాత తాళం తిప్పాను. వెనక పంపు రెండు క్షణాలు సన్నగా పాడి ఆగింది. సెల్ఫ్ కొట్టగానే ఒక్క చుట్టులో ఇంజిన్ అందుకుంది. వెంటనే ఆపి మళ్ళీ కొట్టాను, మళ్ళీ అంతే. కారణం తెలియనిదేమీ కాదు. ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టమైన రైల్‌లో పెట్రోలు దాదాపు 3 బార్ల పీడనంలో ఉంటుంది, పీడనం పెరిగితే మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఒకవేళ బుడగలు చేరినా, తాళం తిప్పగానే పంపు చల్లటి పెట్రోలును రైల్ గుండా తిప్పి ట్యాంకుకు తోసేస్తుంది. కారణం ముందే తెలిసినా ఆ ఆనందం ఏమీ తగ్గలేదు. ఆ ఒక్క సాయంత్రమే ఏడుసార్లు ఊరికే ఆపి స్టార్ట్ చేశాను.

ఇంజెక్షన్ అన్నంత మాత్రాన ఆపిన ఇంజిన్ బాధ దానంతట అదే తొలగిపోతుందని మాత్రం అనుకోకూడదు. 1954లో వచ్చిన మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌ఎల్‌లో యాంత్రిక ఇంజెక్షన్ పంపు ఇగ్నిషన్ ఆపాక కూడా, ఇంజిన్ తిరుగుతున్న ఆ కొద్ది చుట్లపాటు, సిలిండర్లలోకి పెట్రోలు చిమ్ముతూనే ఉండేది. అది గోడల మీది ఆయిల్‌ను కడిగి, కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌ను పలుచన చేసేది. 1973లో వచ్చిన బాష్ కె-జెట్రానిక్‌లో ఇంజిన్ ఆగాక లైనులో పీడనం పడిపోయి పెట్రోలు మరగకుండా ఉండడానికే ప్రత్యేకంగా ఒక అక్యుములేటర్ (పీడనాన్ని నిలిపి ఉంచే చిన్న డబ్బా) అమర్చారు. అది పాడైతే వేడి ఇంజిన్ స్టార్ట్ చేయడం నరకమని ఆ కార్లు ఉన్నవారందరికీ తెలుసు. నా కారులోనూ మొదటి ఏడాది ఒక చిన్న లోపం ఉండేది. వేడిలో ఇంజిన్ వెంటనే స్టార్ట్ అయ్యేది కానీ, తర్వాత ఒక నిమిషం పాటు మిస్సింగ్ కొట్టేది, పెడల్ తాకితే గుటకలు వేసేది. గాలి ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్‌ను థ్రాటిల్ బాడీల పక్కనే బిగించడం నా పొరపాటు. ఆగి ఉన్నప్పుడు అది కూడా ఉడికి 65 డిగ్రీలు చూపేది. వచ్చే గాలి అంత వేడిగా, పలుచగా ఉందని నమ్మి ఈసీయూ పెట్రోలు తగ్గించేది. నిజానికి లోపలికి వెళ్తున్నది చల్లటి గాలే. సెన్సర్‌ను గ్రిల్ వెనక ఎయిర్ బాక్స్ ముఖద్వారంలోకి మార్చి, ఆ సవరణ పట్టికను సగానికి తగ్గించాక కుదురుకుంది.

మారడం వల్ల కోల్పోయినవి కూడా ఉన్నాయి. డైనో (ఇంజిన్ పవర్‌ను కొలిచే యంత్రం) మీద పై ఆర్‌పీఎంలో రెండింటి మధ్య నాలుగు హార్స్‌పవర్ల తేడా కూడా రాలేదు, వచ్చిన ఆ కొంచెం కూడా కార్బ్యురేటర్ల వైపే మొగ్గింది. వాల్వుకు దూరంగా, గాలి దారిలో ముందుగానే పెట్రోలు ఆవిరైతే గాలి చల్లబడి చిక్కబడుతుంది. వాల్వు దగ్గర చిమ్మే ఇంజెక్టర్‌కు ఆ లాభం తక్కువ. అమెరికాలోని నాస్కార్ కప్ కారు పందాలు 2011 దాకా కార్బ్యురేటర్లతోనే సాగాయన్నది కూడా గమనించాలి. ఫెరారీ 308 అయితే 1980లో ఇంజెక్షన్‌కు మారినప్పుడు 255 హార్స్‌పవర్ల నుంచి 214కు పడిపోయింది. ఉద్గారాల నిబంధనలకు చెల్లించిన మూల్యం అది. కాబట్టి పవర్ కోసం మారాలనుకునేవారికి నా అనుభవం ఉపయోగపడదు.

ఇక అసలు బాధ మూడో ఏడాది వచ్చింది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఇంజిన్ ఆపి పావుగంట తర్వాత సెల్ఫ్ కొడితే, అచ్చం పాత రోజుల్లోలాగే, తిరిగింది కానీ అంటుకోలేదు. అరగంట తర్వాత ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. వారానికొకసారి, రెండు వారాలకొకసారి ఇదే తంతు. తొమ్మిదేళ్లు ఒకే శత్రువుతో పోరాడినవాడిని కనుక పెట్రోలు మరుగుతోందని ఒక్క క్షణం కూడా సందేహించకుండా తీర్మానించుకున్నాను. రైల్ చుట్టూ కొత్త రేకు బిగించాను, హోసులకు వేడి తగలని తొడుగులు వేశాను, పంపు రిలే మార్చాను, చివరికి పంపునే మార్చాను. నాలుగు నెలలు గడిచాయి.

ఒక సాయంత్రం కొండ దారి మలుపులో ఆగిపోయాక మాత్రం ఓపికగా ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. అలవాటు కొద్దీ అప్పటికే పెడల్‌ను నేల దాకా నొక్కి రెండుసార్లు సెల్ఫ్ కొట్టాను. నా ఈసీయూలో ఆ సంజ్ఞకు అర్థం ఇంజెక్టర్లన్నీ మూసివేయమని. పెట్రోలు నిండిన ఇంజిన్‌ను ఆరబెట్టడానికి ఉంచిన ఏర్పాటే అది, కానీ నా ఇంజిన్‌లో అసలు పెట్రోలే చేరలేదు. పెడల్ వదిలి మళ్ళీ కొట్టి, లాగ్ (ఈసీయూ రాసిపెట్టిన లెక్కలు) చూశాను. పెట్రోలు పీడనం 3 బార్లు, నిలకడగా ఉంది. బ్యాటరీ వోల్టేజి 10.4కు దిగింది, అంటే సెల్ఫ్ గట్టిగానే తిప్పుతోంది. ఆర్‌పీఎం గడిలో మాత్రం సున్నా. ఇంజిన్ తిరగడం నా చెవులకు వినిపిస్తోంది, ఈసీయూకు మాత్రం కనిపించడం లేదు. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఎక్కడుందో తెలియకపోతే అది ఇంజెక్టర్నీ తెరవదు, స్పార్క్‌నూ వదలదు.

క్రాంక్ పుల్లీ దగ్గరి సెన్సర్ ప్లగ్ ఊడదీసి మల్టీమీటర్ పెట్టాను. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం 800 ఓమ్‌ల చిల్లర అని బిగించిన రోజు రాసిపెట్టుకున్నాను. ఇప్పుడు మీటరు అనంతం చూపించింది. లోపలి సన్నటి తీగ చుట్ట ఎక్కడో చిట్లి ఉంది, వేడికి వ్యాకోచించి విడిపోతోంది, చల్లబడితే మళ్ళీ అతుక్కుంటోంది. తాగే నీళ్లతో ఒక గుడ్డ తడిపి సెన్సర్‌కు చుట్టి, మీటరు అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఆరు నిమిషాల దాకా ఏమీ లేదు. తర్వాత అంకెలు ఒక్కసారి మెరిసి మాయమయ్యాయి, మళ్ళీ వచ్చాయి, 840 దగ్గర నిలిచాయి. ప్లగ్ పెట్టి సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అయింది. గుడ్డను అక్కడే ఉంచి ఇంటికి వచ్చాను. మర్నాడు పాత లాగ్‌లు తిరగేస్తే, ఇంజిన్ మొండికేసిన ప్రతిసారీ సింక్ తప్పిన (ఈసీయూకు క్రాంక్ జాడ తప్పిన) లెక్క ఒక గడిలో పెరుగుతూనే వచ్చింది. నాలుగు నెలలుగా అది అక్కడే ఉంది. నేను ఆ గడి వైపు చూడలేదు.

అందుకే వేడి ఇంజిన్ విషయంలో ఇంజెక్షన్‌ను పొగిడిన నా మాటలకు ఇప్పుడు ఒక షరతు చేరుస్తున్నాను. కార్బ్యురేటర్ మొండికేస్తే వాసన వచ్చేది, తడి కనిపించేది, కాలితో ఏదో ఒకటి చేయగలిగేవాడిని. ఇక్కడ మీటరు, ల్యాప్‌టాప్ దగ్గర లేకపోతే చల్లబడేదాకా రోడ్డు పక్కన నిలబడడమే గతి. సెన్సర్‌ను మార్చి, దాని వైరును ఇంజిన్‌కు దూరంగా లాగాక నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ బాధ రాలేదు. అయినా కొత్త సెన్సర్ ఒకటి, మల్టీమీటర్ ఒకటి ఎప్పుడూ కారులోనే ఉంటాయి.

ఎత్తైన ప్రదేశాల సంగతి ఒక్క మాటలో చెప్తాను. 2,000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సుమారు 18 శాతం తగ్గుతుంది, అక్కడ జెట్లు మార్చని కార్బ్యురేటర్ మిశ్రమం పది శాతం దాకా చిక్కబడుతుంది. ఇంజెక్షన్ వాతావరణ పీడనాన్ని కొలిచి తనంతట తానే సర్దుకుంటుంది. నేను అంత ఎత్తుకు వెళ్లింది రెండుసార్లే కనుక నా నిర్ణయంలో దానికి పెద్ద వాటా లేదు. తరచూ వెళ్లేవారికి అదొక్కటే చాలవచ్చు.

నా తీర్పు నా ఇంజిన్‌కూ నా వాడకానికీ మాత్రమే వర్తిస్తుంది. ట్రాక్‌కు నేను కారును నడుపుకుంటూ వెళ్తాను, మధ్యాహ్నపు ఎండలో వరుసల్లో నిలబడతాను, మళ్ళీ అదే కారులో తిరిగి వస్తాను. ఎగ్జాస్ట్ కార్బ్యురేటర్ల కిందే ఉన్న ఇంజిన్‌తో ఇవన్నీ చేయడానికి నాకు ఇంజెక్షనే కావాలి. కారును ట్రెయిలర్ మీద తెచ్చి, పది నిమిషాలు నడిపి, తీరిగ్గా చల్లార్చుకునేవారికి నా కోపం అతిగా అనిపించవచ్చు. ఇన్‌టేక్ ఒకవైపు, ఎగ్జాస్ట్ మరోవైపు ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఏదైనా రేపు నా చేతికి వస్తే, కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి షెల్ఫు మీద పెట్టిన ఆ మూడు కార్బ్యురేటర్లలో రెండింటిని ముందు దాని మీదే బిగించి చూస్తాను.