గ్యారేజ్ తలుపు సామాను అరిగితే: మనమే మార్చుకోవాలా, మెకానిక్‌ని పిలవాలా?

గ్యారేజ్ తలుపును పైకి లేపేది మోటారే అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ బరువు మోసేది స్ప్రింగ్. రెండు కార్లు పట్టే తలుపు, లోపల ఇన్సులేషన్ కూడా ఉంటే, దాదాపు వంద కిలోల దాకా తూగుతుంది. చెక్కదైతే ఇంకా ఎక్కువే. అలాంటిదాన్ని ఒక మనిషి ఒంటి చేత్తో లేపగలుగుతున్నాడంటే, త్రాసులో రెండో పళ్లెంలో వేసిన రాయిలా స్ప్రింగ్ ఆ బరువును తూస్తోంది కాబట్టే. తలుపు మూసి ఉన్నప్పుడు ఆ బలమంతా స్ప్రింగ్‌లో బిగిసి ఉంటుంది. మోటారు చేసేది కాస్త తోయడం మాత్రమే.

అందుకే "ఇంట్లో మనమే రిపేరు చేసుకోవచ్చా?" అని అడిగితే తలుపు మొత్తానికి కలిపి ఒకే జవాబు చెప్పలేం. అది భాగాన్ని బట్టి ఉంటుంది. స్ప్రింగ్ బలం తలుపు దాకా చేరే దారిలో ఉన్నవి ఒక గుంపు: స్ప్రింగ్, దాని షాఫ్ట్ (తలుపు పైన అడ్డంగా ఉండే ఇనుప కడ్డీ), షాఫ్ట్ రెండు చివర్లా ఉండే డ్రమ్ములు, వాటికి చుట్టుకునే కేబుళ్లు, ఆ కేబుళ్లు వచ్చి తగులుకునే కింది మూలల బ్రాకెట్లు. తలుపు మూసి ఉండగా వీటిలో ఏదైనా బోల్ట్ విప్పితే ఆ బలమంతా ఒక్కసారిగా బయటపడుతుంది. చేతివేళ్లు పోయే ప్రమాదాలు ఇక్కడే జరుగుతాయి. మిగతావి, అంటే హింజ్‌లు (తలుపు పలకలను, అంటే ప్యానెళ్లను, ఒకదానితో ఒకటి కలిపే మడత బందులు), కింది రెండు తప్ప మిగిలిన రోలర్లు (రెండు పక్కలా ఉన్న ఇనుప ట్రాకుల్లో తలుపును నడిపే చిన్న చక్రాలు), అడుగు రబ్బరు, పక్క సీళ్లు, హ్యాండిల్, రెండో గుంపు. వీటిని ఓపికున్న ఎవరైనా మార్చుకోవచ్చు. మొదటి గుంపు దగ్గర మాత్రం మెకానిక్‌ని పిలవమనే అంటాను. అందులో ఒక్క మినహాయింపు ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు తలుపు పరిస్థితి తెలుసుకోండి

ఏ భాగం కొనాలన్నా ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. తలుపు పూర్తిగా మూయండి. మోటారు ప్లగ్ తీసేసి, దాని పట్టాలకు వేలాడే ఎర్ర తాడు లాగితే తలుపు మోటారు నుంచి విడిపోతుంది. ఇప్పుడు చేత్తో నడుము ఎత్తు దాకా లేపి, మెల్లగా పట్టు వదలండి. వేళ్లను ప్యానెళ్ల మధ్య సందులో పెట్టకండి. తలుపు అక్కడే నిలబడితే స్ప్రింగ్ సరిగ్గా ఉన్నట్టు. కిందికి జారిపోతుంటే స్ప్రింగ్ బలం తగ్గింది. దానంతటదే పైకి పోతుంటే బిగింపు ఎక్కువైంది.

పరీక్ష మూసిన తలుపుతోనే మొదలుపెట్టాలి. స్ప్రింగ్ తెగిపోయి తలుపు పైనే ఆగిపోయిన సమయంలో ఎర్ర తాడు లాగితే, ఆ బరువంతా నెత్తిన పడుతుంది. గ్యారేజ్‌లో పెద్ద చప్పుడు వినిపించి, ఆ తర్వాత తలుపు పైన ఉన్న స్ప్రింగ్ చుట్ల మధ్య ఖాళీ కనబడితే అది తెగినట్టే. అప్పుడు ఇక పరీక్ష అక్కర్లేదు, మోటారు బటన్ కూడా నొక్కకండి. బరువు మొత్తం మోటారు మీద పడి దాని పళ్ల చక్రాలు అరిగిపోతాయి.

తలుపు ఒక పక్కకు వాలి కనిపించినా, కేబుల్ మీద ఒక్క తీగ పోగు తెగి బయటికి పొడుచుకొచ్చినా పని ఆపి మెకానిక్‌కి ఫోన్ చేయండి. కేబుల్ విషయంలో మనం చేయాల్సింది అంతే.

రోలర్లు: స్టీలా, నైలానా?

ఇంట్లో చేసుకునే పనుల్లో ఎక్కువ లాభం కనబడేది ఇక్కడే. నాలుగు ప్యానెళ్ల తలుపుకు మామూలుగా 10 రోలర్లుంటాయి. తక్కువ ధర తలుపులతో తరచుగా బేరింగ్ లేని ప్లాస్టిక్ రోలర్లే వస్తాయి. వాటి చక్రం నేరుగా ఇనుప కడ్డీ మీదే తిరుగుతుంది కాబట్టి లోపలి రంధ్రం అరిగి పెద్దదై, చక్రం ఊగుతుంది, తలుపు గడగడలాడుతుంది. చక్రాన్ని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిలిస్తే తెలిసిపోతుంది.

వాటి స్థానంలో రెండు రకాలు దొరుకుతాయి. బేరింగులున్న స్టీల్ రోలర్ గట్టిది, బరువును బాగా తట్టుకుంటుంది. కానీ స్టీల్ ట్రాక్ మీద స్టీల్ చక్రం కాబట్టి చప్పుడు తప్పదు. చాలావాటిలో బేరింగులు తెరిచే ఉంటాయి, దుమ్ము చేరుతుంది, అప్పుడప్పుడు నూనె వేయాలి. సీల్ చేసిన బేరింగులున్న నైలాన్ రోలర్‌కి ఆ బెడద తక్కువ, శబ్దం చాలా తగ్గుతుంది. గ్యారేజ్ పైన పడకగది ఉన్న ఇంట్లో తేడా మొదటి రాత్రే తెలుస్తుంది. మామూలు ఇంటి తలుపుకు నా ఓటు నైలాన్‌కే. కాకపోతే ఒక షరతు: "నైలాన్" అన్న పేరు చూసి కొనకండి. బేరింగ్ లేని నైలాన్ రోలర్లు కూడా అమ్ముతారు, అవి పాత ప్లాస్టిక్ వాటికంటే పెద్దగా మెరుగేమీ కావు. బాగా బరువైన చెక్క తలుపుకైతే స్టీల్ వైపే మొగ్గుతాను, లేదా అంత బరువుకు సరిపోతుందని తయారీదారు రాసిన నైలాన్ రోలర్ వెతుకుతాను.

కొనేముందు పాత రోలర్ కడ్డీ పొడవు కొలవండి. ఎక్కువ తలుపులకు 4 అంగుళాలది సరిపోతుంది. అంచుల్లో జంట హింజ్‌లున్న వెడల్పాటి, బరువైన తలుపులకు 7 అంగుళాలది కావాలి. చక్రం సాధారణంగా 2 అంగుళాలు.

మార్చడానికి రెండు పద్ధతులు చలామణిలో ఉన్నాయి. ట్రాక్ అంచును ఇనుప పట్టీతో కాస్త వంచి, ఆ సందులోంచి రోలర్లను ఒక్కొక్కటే బయటికి లాగి, కొత్తవి పెట్టి, అంచు మళ్లీ సర్దడం ఒకటి. త్వరగా అయిపోతుంది. కానీ వంచిన రేకు మళ్లీ ముందున్నంత నునుపుగా రాదు. ఆ చోట రోలర్ ప్రతిసారీ తడబడుతుంది, ఒక్కోసారి బయటికి దూకుతుంది కూడా. రెండోది హింజ్ విప్పే పద్ధతి. తలుపు మూసి, మోటారు ప్లగ్ తీసి, ఏదో ఒక రోలర్‌కి సరిగ్గా పైన రెండు ట్రాకులకూ క్లాంప్ బిగిస్తే తలుపు పైకి కదలదు. తర్వాత ఒక హింజ్ బోల్ట్‌లు విప్పి, హింజ్‌తో పాటు రోలర్‌ను వంచి బయటికి తీసి, కొత్తది ఎక్కించి, అవే రంధ్రాల్లో బిగించాలి. అది పూర్తిగా బిగిశాకే రెండోదాని దగ్గరికి పోవాలి. ఒకేసారి రెండు హింజ్‌లు విప్పితే ప్యానెల్ జారిపోతుంది. ఇది నెమ్మదైన పని, ఒక మధ్యాహ్నం పడుతుంది. అయినా ఇదే మేలు, ఎందుకంటే దీనిలో ట్రాక్ పాడవదు, పని చేస్తున్నంతసేపూ తలుపు తన చోటే ఉంటుంది.

అన్నిటికన్నా కింద ఉన్న రెండు రోలర్లు కేబుల్ తగులుకున్న బ్రాకెట్లలోనే ఉంటాయి. ఆ బ్రాకెట్ బోల్ట్‌లకు చాలా తలుపుల్లో ఎర్ర రంగు వేసో, పక్కన హెచ్చరిక కాగితం అంటించో ఉంటుంది. అవేవీ లేకపోయినా ముట్టుకోవద్దు. మిగతా ఎనిమిదీ మార్చి, ఆ రెంటినీ మెకానిక్ వేరే పని మీద వచ్చినప్పుడు మార్పించుకుంటే నష్టమేమీ లేదు.

హింజ్‌ల గురించి ఒక్క మాట. వాటి మీద 1, 2, 3 అని అంకెలు అచ్చొత్తి ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ రోలర్ తలుపుకు కాస్త దూరంగా నిలుస్తుంది, ఎందుకంటే ట్రాక్ పైకి పోయేకొద్దీ గోడ నుంచి కొంచెం లోపలికి వాలి ఉంటుంది. 2 ఉన్నచోట 3 పెడితే తలుపు పైన బిగుసుకుపోతుంది లేదా కింద సందు వస్తుంది. పాతదాని మీద ఏ అంకె ఉంటే అదే తెచ్చుకోండి. విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకుంటే టెన్షన్ ఉండదు.

స్ప్రింగ్‌లు: ఏ రకం, ఎవరు మార్చాలి?

తలుపు పైన గోడకు ఆనుకుని, షాఫ్ట్ మీద చుట్టుకుని ఉండేది టోర్షన్ స్ప్రింగ్. ఇది మెలితిరిగి బలం నిలవ చేసుకుంటుంది. పైనుండే అడ్డ ట్రాకుల పక్కన సాగుతూ ముడుచుకుంటూ ఉండేది ఎక్స్‌టెన్షన్ స్ప్రింగ్.

రెంటిలో టోర్షన్ నయం. తలుపును రెండు పక్కలా సమానంగా లేపుతుంది, కదలిక సాఫీగా ఉంటుంది, తెగినా చాలావరకు షాఫ్ట్ మీదే ఉండిపోతుంది. ఎక్స్‌టెన్షన్ స్ప్రింగ్ సాగి ఉన్నప్పుడు తెగితే బాణంలా ఎగిరి కారునో మనిషినో కొట్టగలదు. అందుకే దాని మధ్యలోంచి ఒక రక్షణ కేబుల్ పోనిచ్చి రెండు చివర్లా గట్టిగా కట్టాలి. మీ గ్యారేజ్‌లో ఎక్స్‌టెన్షన్ స్ప్రింగ్‌లుండి, లోపల ఆ కేబుల్ లేకపోతే, ఈ వ్యాసంలో మిగతాదంతా పక్కన పెట్టి ముందు అది వేయించండి. తలుపు పైన దాదాపు 30 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే టోర్షన్‌కి మార్పించుకోవడం గురించి కూడా మెకానిక్‌ని అడగవచ్చు.

పెట్టడానికి మాత్రం టోర్షన్‌దే ప్రమాదం. స్ప్రింగ్ చివర ఉన్న కోన్ రంధ్రాల్లో రెండు ఉక్కు కడ్డీలు ఒకదాని తర్వాత ఒకటి దూరుస్తూ, పావు చుట్టు చొప్పున తిప్పుకుంటూ పోవాలి. 7 అడుగుల ఎత్తు తలుపుకు సుమారు 30 పావు చుట్లు. ప్రతి చుట్టులోనూ కడ్డీ వెనక్కి తిరగబడాలనే చూస్తుంది, చివరి చుట్లలో ఆ బలం మరీ ఎక్కువ. కడ్డీ బదులు స్క్రూ డ్రైవర్ వాడి అది జారితే ముఖమే దెబ్బతింటుంది. సరైన కడ్డీలు, సరైన లెక్క ఉంటే సొంతంగా చేసుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్ల నైపుణ్యాన్ని నేను కాదనను. కానీ ఒక ఇంట్లో ఈ పని ఏడెనిమిదేళ్లకు ఒకసారి వస్తుంది. చేసిన ప్రతిసారీ కొత్తగానే ఉండే పని, తప్పు జరిగితే సరిదిద్దుకునే వ్యవధి ఇవ్వని పని. మెకానిక్ దాన్ని రోజూ చేస్తాడు. కూలీ డబ్బులు మిగల్చడానికి ఎంచుకోవాల్సిన చోటు ఇది కాదు.

ఇందాక చెప్పిన మినహాయింపు ఎక్స్‌టెన్షన్ స్ప్రింగ్. తలుపు పూర్తిగా పైకి తెరిచినప్పుడు అది దాదాపు సాగకుండా వదులుగా ఉంటుంది. అప్పుడు కింది రోలర్ల కింద రెండు ట్రాకులకూ క్లాంపులు గట్టిగా బిగించి, మోటారు ప్లగ్ తీసి, స్ప్రింగ్ నిజంగా వదులైందని చేత్తో చూసుకుని మార్చవచ్చు. కళ్లద్దాలు, చేతి తొడుగులు, నిలకడైన నిచ్చెన, తోడుగా ఇంకో పెద్ద మనిషి తప్పనిసరి. ఈ స్ప్రింగ్‌ల చివర వేసిన రంగు అవి ఎంత బరువు తలుపుకో చెబుతుంది, కాబట్టి పాత రంగు ఏదో అదే కొనాలి. అయితే స్ప్రింగ్ తెగి తలుపు కింద ఇరుక్కుపోతే, దాన్ని పైకెత్తడమే పెద్ద గండం. అప్పుడు ఈ మినహాయింపు కూడా వర్తించదు.

ఒకటే తెగింది కదా, ఒకటే మారుద్దామా? వద్దు, రెండూ మార్పించండి. రెండూ ఒకే రోజు ఎక్కాయి, ఒకే సంఖ్యలో సాగాయి. రెండోది కూడా చివరికొచ్చినట్టే. పైగా కొత్తది, పాతది వేర్వేరు బలంతో లాగితే తలుపు వంకరపోతుంది.

మామూలు స్ప్రింగ్‌ని 10,000 సైకిళ్లకు తయారు చేస్తారు. ఒకసారి తెరిచి మూస్తే ఒక సైకిల్. రోజుకు నాలుగుసార్లు వాడే ఇంట్లో సుమారు ఏడేళ్లు. 20,000, 25,000 సైకిళ్లవి కూడా దొరుకుతాయి. తీగ లావుగా, స్ప్రింగ్ పొడవుగా ఉంటుంది కాబట్టి ధర ఎక్కువ. కానీ బిగించే కూలీ రెంటికీ ఒకటే. గ్యారేజ్ తలుపే ఇంటి ముఖద్వారంగా వాడుకునే కుటుంబమైతే ఎక్కువ సైకిళ్లదే తీసుకోండి. ఆ ఇల్లు త్వరలో ఖాళీ చేసేవారికి మామూలుది చాలు.

మెకానిక్ వచ్చినప్పుడు పాత స్ప్రింగ్ చూసి అలాంటిదే పెట్టేయడం కాకుండా, తలుపు బరువు తూచమని అడగండి. మధ్యలో ఎవరో ఇన్సులేషన్ చేర్చి ఉండవచ్చు, పాత స్ప్రింగే తప్పు కొలతది అయి ఉండవచ్చు. కేబుళ్లు, కింది రోలర్లు, షాఫ్ట్ చివరి బేరింగులు కూడా అదే రోజు చూపించుకుంటే మళ్లీ పిలిచే పని ఉండదు.

మిగిలిన చిన్న పనులు

అడుగు రబ్బరు మార్చడం తేలిక. పాతదాని అడ్డకోత ఆకారం చూసి అదే కొనాలి, గాడిలో సబ్బు నీళ్లు రాస్తే సులువుగా జారుతుంది. నూనె విషయంలో సిలికాన్ స్ప్రే, తెల్ల లిథియం గ్రీజు రెండూ పనికొస్తాయి. హింజ్ మడతల్లో, స్టీల్ రోలర్ బేరింగుల్లో, స్ప్రింగ్ చుట్ల మీద వేయండి. ట్రాక్ లోపల మాత్రం గ్రీజు పూయకండి, దుమ్ము పట్టి ముద్దకట్టి రోలర్ తిరగడం మానేసి ఈడ్చుకుపోతుంది. ట్రాక్‌ను గుడ్డతో తుడిస్తే చాలు.

ఏ భాగం మార్చినా, ఎవరు మార్చినా, క్లాంపులన్నీ తీశాక తలుపును ముందు చేత్తో రెండుసార్లు పూర్తిగా తెరిచి మూసి చూడండి. ఎక్కడా పట్టకపోతే మోటారు కలపండి. తర్వాత తలుపు దిగే చోట నేల మీద ఒకటిన్నర అంగుళం మందమున్న చెక్క పెట్టి మూయండి. చెక్కకు తగలగానే తలుపు తిరిగి పైకి పోవాలి. మరోసారి మూస్తూ, నేలకు దగ్గరగా రెండు పక్కలా ఉన్న సెన్సర్ల మధ్య కర్ర అడ్డం పెట్టండి, అప్పుడూ వెనక్కి పోవాలి. రెంటిలో ఏది ఫెయిలైనా అది బాగయ్యేదాకా మోటారు ప్లగ్ తీసేసి చేత్తోనే తెరుచుకోండి, పిల్లలున్న ఇంట్లో అయితే ఒక్కరోజు కూడా వాయిదా వేయకుండా బాగు చేయించండి.