మైక్రోఫైబర్ గుడ్డ, నాలుగు చుక్కల నీళ్లు: టీవీ తెరకు ఇంతే చాలు

టీవీ స్క్రీన్ క్లీనింగ్ కిట్ అని ఆన్‌లైన్‌లో అమ్మేదాంట్లో ముఖ్యంగా ఉండేవి రెండే: ఒక స్ప్రే సీసా, ఒక మైక్రోఫైబర్ గుడ్డ. ఏళ్ల తరబడి వాడాక నా లెక్క ఏంటంటే, డబ్బు పెట్టాల్సింది గుడ్డ మీదే. సీసా అయిపోయాక మళ్లీ కొనలేదు, కొనాల్సిన అవసరమూ రాలేదు.

మాది వంటగది, హాలు కలిసిపోయిన ఫ్లాట్. మా 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ మీద చేరేది ఉత్త దుమ్ము కాదు, పోపు ఆవిరి, అగరుబత్తి పొగ కూడా పట్టి సన్నటి జిడ్డు పొర కడుతుంది. టీవీ ఆపేసి పక్కనుంచి చూస్తే తెలుస్తుంది. దుమ్ముకు కుచ్చులున్న మందపాటి గుడ్డ బాగుంది, పైనుంచి కిందికి నొక్కకుండా తుడిస్తే చాలు. వేలిముద్రలకు మాత్రం కళ్లజోడు డబ్బాలో వచ్చే గుడ్డలాంటి నున్నటి రకమే పనికొచ్చింది. వీటి పోగులు పాలియెస్టర్, నైలాన్‌లతో చేసినవి, చీలి అతి సన్నగా ఉంటాయి కాబట్టి జిడ్డును లాగేసుకుంటాయి. పాత బనీను దాన్ని అటూ ఇటూ పులుముతుందంతే. కొనేటప్పుడు అంచు చూడండి. గట్టి దారంతో కుట్టిన అంచు, మూలన లేబులు తెరకు మంచివి కావు. అంచుకు కుట్టు లేని రకం దొరుకుతుంది.

ఇక నీళ్లు. బోరు నీళ్లు ఆరితే తెల్ల మచ్చలు మిగులుతాయి. అందుకే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడతాను (బ్యాటరీ షాపులో యాసిడ్ కూడా ఉంటుంది, లేబులు చదివి తెచ్చుకోండి). ప్లగ్గు తీసి, తెర చల్లారాక, గుడ్డ మూల మాత్రం తడిపి గట్టిగా పిండి తుడుస్తాను. నీళ్లు తెర మీద నేరుగా కొట్టకూడదు. జారిన చుక్క కింది ఫ్రేములోకి దిగి లోపలి సర్క్యూట్లకు తగిలిందంటే తెర మీద గీతలు పడొచ్చు. ప్యానెల్ మార్చాలంటే ఒక్కోసారి కొత్త టీవీ అంత అవుతుంది. మొండి జిడ్డుంటే గ్లాసు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. ఆ తర్వాత ఉత్త తడిగుడ్డ, చివర పొడిగుడ్డ.

అద్దాలు తుడిచే స్ప్రే సంగతి చాలామంది అడుగుతారు. పాత పిక్చర్ ట్యూబు టీవీకి ముందుండేది గాజు, న్యూస్‌పేపరుతో రుద్దినా తట్టుకునేది. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీలకు ఎక్కువగా ముందుండేది పోలరైజర్ అనే ప్లాస్టిక్ పొర, దాని మీద మెరుపు తగ్గించే పూత. అమోనియా, అసిటోన్, స్పిరిట్ ఆ పూతను పాడుచేస్తాయి. కరోనా రోజుల్లో అలవాటైన శానిటైజరూ ఆ కోవలోదే.

గుడ్డతో చిక్కులు లేకపోలేదు. పొడిగా ఎక్కువసేపు రుద్దితే స్టాటిక్ (రాపిడి వల్ల పుట్టే విద్యుత్తు) పుట్టి దుమ్ము మళ్లీ తొందరగా అంటుకుంటుంది. ఫ్యాబ్రిక్ కండిషనర్‌లో పడితే పీల్చే గుణం తగ్గుతుంది, తువ్వాళ్లతో కలిపి ఉతికితే నూలంతా పట్టుకుంటుంది. ఇస్త్రీ అసలు వద్దు. నేల మీద పడిందంటే ఉతికేదాకా తెర దగ్గరికి తేను, ఇరుక్కున్న ఇసుక రేణువు ఒక్కటి చాలు గీత పడటానికి. నాది జిప్ కవర్లో పెట్టి టీవీ స్టాండు సొరుగులో దాచుకుంటాను. బయట కనిపిస్తే ఎవరో ఒకరు గ్యాస్ పొయ్యి తుడిచేస్తారు.