మారతహళ్లిలో ల్యాప్‌టాప్ రిపేరుకి ఇచ్చేవాళ్లు జాగ్రత్త: వైఫై బాగుచేస్తామని కార్డే మార్చేశారు

బెంగళూరులో ఉన్న మనవాళ్లందరికీ. ల్యాప్‌టాప్ గురించి ఎవరు అడిగినా మన తెలుగు గ్రూపుల్లో "మారతహళ్లిలో మనవాడి షాపుంది, అక్కడికెళ్లండి, నమ్మకస్తుడు" అంటారు కదా, ఆ షాపు గురించే. పేరు రాయట్లేదు, చాలామందికి తెలుసు. నిన్న సాయంత్రం అక్కడ గొడవపడి వచ్చాను. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే ఈలోపు మనలో ఇంకెవరో అక్కడ ల్యాప్‌టాప్ పెట్టి వస్తారని ఇప్పుడే రాస్తున్నాను.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి 11కి అప్‌గ్రేడ్ చేశాను. ల్యాప్‌టాప్ 2020లో కొన్నది, అర్హత ఉంది, అప్‌గ్రేడ్ కూడా సాఫీగానే అయింది. రీస్టార్ట్ అయ్యాక చూస్తే కింద మూలన వైఫై గుర్తు లేదు. సెట్టింగ్స్‌లో వైఫై అనే వరుసే లేదు. ల్యాప్‌టాప్‌లోని భాగాలన్నీ చూపించే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద నా వైఫై కార్డు, ఇంటెల్ వైఫై 6 ఏఎక్స్200, పేరు పక్కన పసుపు త్రికోణం. దాన్ని తెరిస్తే "దిస్ డివైస్ కెనాట్ స్టార్ట్, కోడ్ 10".

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. కార్డు పేరు లిస్టులో కనిపిస్తోందంటే విండోస్ దాన్ని గుర్తుపట్టిందన్నమాట. గుర్తుపట్టింది గానీ డ్రైవర్, అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, దాన్ని మొదలుపెట్టలేకపోతోంది. అప్‌గ్రేడ్ చేసిన వెంటనే ఇలా వస్తే ముందు అనుమానించాల్సింది డ్రైవర్‌నే. ఆ మాట నేను షాపులో కూడా చెప్పాను.

నాది రాత్రి షిఫ్టు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెదరింగ్ ఆన్ చేసుకుని ఆ రాత్రి ఎలాగో గడిపాను. నెలాఖరు పని, వరుసగా వీడియో కాల్స్, ఫోన్ డేటాతో రోజూ నడవదు. పగలు నిద్రపోవాలి. అందుకని పొద్దున్నే షాపులో ఇచ్చాను.

కౌంటర్లో కుర్రాడికి "కోడ్ 10 వస్తోంది తమ్ముడూ, పాత డ్రైవర్ తీసేసి కొత్తది వేస్తే సరిపోతుంది" అన్నాను. లోపల్నుంచి ఓనర్ వచ్చాడు. ల్యాప్‌టాప్ ఆన్ చేయలేదు, డివైస్ మేనేజర్ చూడలేదు. "ఇది డ్రైవర్ ప్రాబ్లమ్ కాదక్కా, అప్‌గ్రేడ్‌లో వైఫై ఐసీ, ఆ చిప్, పోయింది. ఇట్లాంటివి ఈమధ్య చాలా వస్తున్నాయి. బోర్డు మీద పని ఉంటుంది, నాలుగున్నర వేలవుతుంది" అన్నాడు. ఏఎక్స్200 బోర్డుకి అతికించిన ఐసీ కాదు, విడిగా ఒక్క స్క్రూతో బిగించే చిన్న కార్డు కదా అన్నాను. "మీ మోడల్‌లో వేరేలా ఉంటుందక్కా. మాదీ చిత్తూరు వైపే, మీ దగ్గర ఎక్కువ తీసుకుంటానా" అన్నాడు.

సాయంత్రం వెళ్తే వైఫై పనిచేస్తోంది. "అదే కార్డు అక్కా, ఐసీ మార్చి ఇచ్చాం" అని తన నోటితోనే చెప్పాడు. ఈ మాట గుర్తుంచుకోండి. యూపీఐలో డబ్బు కట్టాను. ఇచ్చిన చీటీ మీద "వైఫై ప్రాబ్లమ్ 4,500" అని తప్ప జీఎస్టీ నంబర్ లేదు, ఏ భాగం మార్చారో లేదు.

ఇంటికొచ్చి ఆన్ చేస్తే మా రౌటర్ ఇచ్చే రెండు పేర్లలో ఒకటే కనిపిస్తోంది. వేగంగా ఉండే 5 గిగాహెర్ట్జ్‌ది లేదు. పక్కనే ఉన్న మా ఆయన ఫోన్‌లో రెండూ ఉన్నాయి. నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో లింక్ స్పీడ్ చూశాను. ఇదే బల్ల దగ్గర ఇంతకుముందు 866 ఎంబీపీఎస్ చూపించేది, ఇప్పుడు 72. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "నెట్‌ష్ వ్లాన్ షో డ్రైవర్స్" కొట్టాను. రేడియో టైప్స్ అని ఉన్నచోట 802.11బి, జి, ఎన్ మాత్రమే వచ్చాయి. ఇవి పాత వైఫై రకాలు. కొత్తవైన ఏసీ లేదు, ఏఎక్స్ లేదు. పైన తయారీదారు పేరు కూడా ఇంటెల్ కాదు.

అంటే నా వైఫై 6 కార్డు తీసుకుని 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టే పాత కార్డు పెట్టారు. ఇది చిన్న తేడా కాదు. 2.4లో ఒకదానికొకటి అడ్డుపడని చానెళ్లు మూడే, 1, 6, 11. మా అపార్ట్‌మెంట్లో ప్రతి ఇంటి రౌటరూ ఆ మూడింట్లోనే కూర్చుని ఉంటుంది. ఆ రాత్రి మేనేజర్‌తో కాల్‌లో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించిందట.

ఇంకా రూఢి చేసుకుందామని డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూలో "షో హిడెన్ డివైసెస్" నొక్కాను. ఒకప్పుడు తగిలించి ఇప్పుడు లేని పరికరాలను విండోస్ వెలిసిన రంగులో చూపిస్తుంది. కొత్త పేరు కింద నా ఇంటెల్ ఏఎక్స్200 అలా పాలిపోయి ఉంది. కొత్త కార్డు ప్రాపర్టీస్‌లో ఈవెంట్స్ అనే ట్యాబ్ తెరిస్తే దాన్ని ఇన్‌స్టాల్ చేసిన తేదీ, టైము ఉన్నాయి. నా ల్యాప్‌టాప్ షాపులో ఉన్న మధ్యాహ్నమే. అన్నీ ఫోటోలు తీసి పెట్టుకున్నాను.

తెల్లారాక మా ఆయనా నేనూ కలిసి వెనక మూత విప్పాం. వేలిగోరంత కార్డు. దాని మీద నలుపు, తెలుపు రెండు యాంటెనా తీగలు బిగించి ఉండాలి. నలుపుది ఒక్కటే బిగించి ఉంది. తెల్లదాని చివర పసుపు టేపు చుట్టి బ్యాటరీ పక్కకి తోసేశారు. కార్డు బిగించిన స్క్రూ తల అరిగిపోయి ఉంది. ఐదేళ్లు నా చేతుల్లో ఒక్క గీత పడకుండా చూసుకున్న వస్తువు అది.

ఇక నిన్న సాయంత్రం జరిగింది.

షాపులో ఇంకో ఇద్దరు కస్టమర్లు ఉన్నారు. నేను గొంతు పెంచకుండానే అడిగాను, "నా కార్డు ఏది?" అని. "అదే కార్డు మేడమ్" అన్నాడు. మొదటి రోజు అక్కా, ఇప్పుడు మేడమ్. ల్యాప్‌టాప్ కౌంటర్ మీద పెట్టి హిడెన్ డివైసెస్ చూపించాను. తేదీ చూపించాను. చూశాడు. "ఆ, పాతది పూర్తిగా కాలిపోయింది, అందుకే వేరేది వేశాం" అన్నాడు. మరి కాలిపోయిన కార్డు ఇవ్వండి అన్నాను. "చెత్తలో పోయింది మేడమ్." కాలిపోయిన కార్డుని అప్‌గ్రేడ్ తర్వాత కూడా విండోస్ పేరుతో సహా ఎలా చూపించిందని అడిగాను. దానికి జవాబు లేదు.

అప్పుడు చూశాను. అతని చేతి పక్కన సగం తెరిచిన సొరుగులో ఒక ప్లాస్టిక్ ట్రే ఉంది. దాని నిండా వైఫై కార్డులు. ఇలాంటి కార్డుల మీద స్టిక్కర్ ఉంటుంది, దాని మీద మ్యాక్ అడ్రస్, అంటే ఆ కార్డుకి మాత్రమే ఉండే నంబర్, అచ్చు వేసి ఉంటుంది. నా కార్డు మ్యాక్ అడ్రస్ మా ఆఫీసు ఐటీ వాళ్లకి పంపిన పాత మెయిల్లో ఉంది. ఫోన్‌లో ఆ మెయిల్ తెరిచి, "ఆ ట్రే ఒక్కసారి ఇవ్వండి, నంబర్లు చూసుకుంటాను, నాది లేకపోతే వెళ్లిపోతాను" అన్నాను.

సొరుగు మూసేశాడు. తాళం వేసి, నా వైపు చూడకుండా మా ఆయన వైపు తిరిగి, "సార్, మేడమ్‌ని కాసేపు బయట కూర్చోమనండి. ఇవి టెక్నికల్ విషయాలు, మనం మాట్లాడుకుందాం" అన్నాడు.

ఐటీలో నాది పదకొండేళ్ల సర్వీసు. ఆ ల్యాప్‌టాప్ నా జీతంతో కొన్నది. తప్పు పట్టింది నేను, ఆధారాలు తీసింది నేను, ఎదురుగా నిలబడి అడుగుతున్నది నేను. మా ఆయన "ల్యాప్‌టాప్ ఆవిడది, ఆవిడతోనే మాట్లాడండి" అన్నాడు. అయినా అతను నా ముఖం చూడలేదు. వెయ్యి రూపాయలు తీసి మా ఆయన చేతికి ఇవ్వబోయాడు. తీసుకోలేదు. "ఏం చేసుకుంటారో చేసుకోండి మరి" అని లోపలికి వెళ్లిపోయాడు. నాలుగున్నర వేలు పోతే సంపాదించుకుంటాను. ఆ సొరుగు మూసిన తీరు, నన్ను బయట కూర్చోమన్న తీరు మాత్రం రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

ఇంకో మాట. మా టీమ్‌లో ఒకమ్మాయి దగ్గర ఇదే మోడల్ ఉంది, అప్‌గ్రేడ్ చేశాక ఆమెకీ ఇదే కోడ్ 10 వచ్చింది. ఆమె డివైస్ మేనేజర్‌లో కార్డుని అన్‌ఇన్‌స్టాల్ చేస్తూ డ్రైవర్ కూడా తీసేయమని టిక్ పెట్టింది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేసింది. మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ పూర్తిగా ఆగదు, షిఫ్ట్ పట్టుకుంటే ఆగుతుంది. మళ్లీ ఆన్ చేసి, ఫోన్ టెదరింగ్‌తో ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో తన మోడల్‌కి ఇచ్చిన విండోస్ 11 డ్రైవర్ దించి వేసుకుంది. పని అయిపోయింది. రూపాయి ఖర్చు లేదు. నా కార్డుకి జబ్బేమీ లేదని దీన్నిబట్టే నాకు అర్థమైంది. బాగున్న కార్డు కాబట్టే అతనికి పనికొచ్చింది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. వాళ్లు పిలిచినా షాపువాడు దిగిరాకపోతే ఆన్‌లైన్‌లో వినియోగదారుల కేసులు వేసే ఈ-జాగృతి పోర్టల్లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కేసు వేస్తాను. 2019 వినియోగదారుల చట్టం కింద మనం కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, 2 ఏళ్ల లోపు వేయొచ్చు. యూపీఐ రసీదు, ఆ చీటీ, ఫోటోలు, ఆఫీసు మెయిల్ అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టాను.

కొత్త కార్డు ఎస్పీ రోడ్‌లో కొన్నాను, రెండు వేలు కూడా కాలేదు, నేనే బిగించుకున్నాను. కొనేవాళ్లు ఒకటి చూసుకోండి: ఏఎక్స్200, ఏఎక్స్201 పేర్లు దగ్గరగా ఉంటాయి గానీ 201 దానికి సరిపడే ఇంటెల్ బోర్డుల్లోనే పనిచేస్తుంది, ఏఎండీ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో పెడితే పలకదు. నాది ఏఎండీ, అందుకే అడిగి మరీ 200 తీసుకున్నాను.

అప్‌గ్రేడ్ తర్వాత వైఫై పోతే షాపుకి పరిగెత్తకముందు పైన చెప్పిన డ్రైవర్ పని చేసి చూడండి. అంతకన్నా ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ మీట పొరపాటున నొక్కుకుపోయిందేమో చూడండి. అప్‌గ్రేడ్ చేసి 10 రోజులు దాటకపోతే సెట్టింగ్స్‌లో రికవరీ కింద "గో బ్యాక్" ఉంటుంది, పాత విండోస్‌కి వెళ్లిపోవచ్చు. ఆ గడువు దాటితే పాత ఫైళ్లు వాటంతటవే పోతాయి, ఆ దారి మూసుకుపోతుంది. ఎలాగూ షాపులో ఇవ్వాల్సి వస్తే డివైస్ మేనేజర్ ఫోటో, కమాండ్ ప్రాంప్ట్‌లో "ipconfig /all" కొడితే వచ్చేదాని ఫోటో తీసుకుని ఇవ్వండి. అందులో మ్యాక్ అడ్రస్ ఉంటుంది. మార్చిన పాత భాగం తిరిగి ఇవ్వాలని చీటీ మీద వాళ్లచేతే రాయించండి. తెచ్చుకున్నాక ల్యాప్‌టాప్ తెరిచే పిన్ మార్చేయండి.

ఈ సంవత్సరం ఆ షాపులో వైఫై గానీ ఇంకేదైనా గానీ బాగుచేయించుకున్నవాళ్లు ఇవాళే హిడెన్ డివైసెస్ తెరిచి చూసుకోండి. వైఫై కార్డు ఒక్కటే కాదు, ఎస్ఎస్‌డీ మోడల్, ర్యామ్ ఎంత ఉందో కూడా కొన్నప్పటి బిల్లుతో సరిచూసుకోండి. తేడా కనిపిస్తే ఫోటో తీసి నాకు పంపండి, 1915లో నా ఫిర్యాదు నంబర్ ఇస్తాను, మీరూ రాయించండి. ఆ ట్రేలో ఉన్న కార్డులన్నీ ఎవరివో తేలాలి.